సికింద్రాబాదు క్యాథలిక్ కళాశాలల్లో మన బిడ్డలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే బోయిన్‌పల్లి, ఆల్వాల్, మారేడుపల్లి ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో ఒక చర్చ మొదలవుతుంది. అమ్మాయిని బేగంపేటలోని సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలలో చేర్పిద్దామా, అబ్బాయిని ఆల్వాల్‌లోని లయోలా అకాడమీకి పంపుదామా అని తల్లిదండ్రులు ఆలోచిస్తారు. చదువు బాగుంటుంది, క్రమశిక్షణ అలవడుతుంది అంటాడు తండ్రి. ఆ వాతావరణంలో పిల్లల దీన్ సడలిపోదా అని అడుగుతుంది దాదీమా. ఈ రెండు మాటల్లోనూ న్యాయముంది. కాబట్టి ఈ విషయాన్ని భయంతోనో మోజుతోనో కాక, వాస్తవాల వెలుగులో పరిశీలించవలసిన బాధ్యత మనపై ఉంది.

దండు ఊరి తరగతి గది

మూడవ నిజాం సికిందర్ జా పేరిట 1806లో వెలసిన సికింద్రాబాదు పుట్టుకతోనే దండు ఊరు. బ్రిటిష్ పటాలాల వెంట దేశ విదేశాల మనుషులు ఇక్కడికి చేరారు. వారిలో క్యాథలిక్కులూ ఉన్నారు. వారి కోసం వెలసిన సెయింట్ మేరీస్ చర్చి నిర్మాణం 1850లో పూర్తయింది. 2008లో దానికి బసిలికా హోదా లభించింది. 1871లో సెయింట్ ఆన్స్ పాఠశాల ఆరంభమయింది. 1966లో దక్షిణ మధ్య రైల్వేకు ఈ ఊరే కేంద్రమయింది. సైన్యం, రైల్వే, వర్తకం కలిసి తమిళులను, మలయాళీలను, పంజాబీలను, మార్వాడీలను, ఆంగ్లో ఇండియన్లను ఒకే ఊరివారిని చేశాయి.

ఈ ఊరి కళాశాలలు ఆ వైవిధ్యానికే వారసులు. సెయింట్ ఫ్రాన్సిస్ కళాశాల 1959లో ఏర్పడింది. ఇటలీలోని లోవెరె పట్టణంలో 1832లో పుట్టిన ఒక సన్యాసినుల సంఘం దానిని నడుపుతున్నది. లయోలా అకాడమీని 1976లో జెసూట్ గురువులు స్థాపించారు. ఈ రెండూ ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయాన్ని 1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలకొల్పాడు. ఒక ముస్లిం పాలకుడు నెలకొల్పిన విశ్వవిద్యాలయపు పట్టాను, క్రైస్తవ సన్యాసినులు నడిపే కళాశాలలో చదివి, హిందూ సహాధ్యాయినితో కలిసి మన అమ్మాయి అందుకుంటున్నది. ఇది ఈ నేలకు సహజమైన దృశ్యం.

చట్టం ఏమంటున్నది?

తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకొనే హక్కును మత, భాషా అల్పసంఖ్యాకులకు రాజ్యాంగంలోని 30వ అధికరణం ఇచ్చింది. క్యాథలిక్ కళాశాలను కాపాడుతున్న ఆ అధికరణమే మన సముదాయం నడిపే కళాశాలలనూ కాపాడుతున్నది. ఇతరులను చేర్చుకున్నంత మాత్రాన అల్పసంఖ్యాక సంస్థ తన స్వభావాన్ని కోల్పోదని 1958లో కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనం కూడా ఆ బాటనే అనుసరించింది.

మనకు ముఖ్యమైనది 28వ అధికరణంలోని మూడవ భాగం. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందిన సంస్థలో చదివే ఏ విద్యార్థినీ మతబోధకు, ఆరాధనకు బలవంతంగా హాజరుపరచరాదు. విద్యార్థి సమ్మతి, మైనరైతే సంరక్షకుని సమ్మతి తప్పనిసరి. కాబట్టి ప్రార్థనా మందిరంలో జరిగే పూజకు వెళ్లకపోవడం మన బిడ్డ హక్కు. దానిని వినయంగానే, అయితే జంకు లేకుండా వినియోగించుకోవాలి.

క్యాథలిక్ చర్చి వైఖరిలో వచ్చిన మార్పు కూడా గమనించదగినది. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన 'నోస్త్రా ఏతాతే' ప్రకటన ముస్లింల పట్ల గౌరవాన్ని వ్యక్తం చేసింది. గతకాలపు వైరాలను విడిచి పరస్పర అవగాహనకు కృషి చేయాలని కోరింది. క్యాథలిక్ విశ్వవిద్యాలయాల గురించి 1990లో వెలువడిన 'ఎక్స్ కోర్దె ఎక్లేసియె' శాసనం క్యాథలిక్కులు కాని విద్యార్థుల మతస్వేచ్ఛను గుర్తించింది. ఎప్పుడైనా ఇబ్బంది ఎదురైతే, మనం వారి ముందు ఉంచదగిన మాటలు వారి పత్రాలలోనే ఉన్నాయన్నమాట.

అసలు పరీక్ష తరగతి బయట

బెంచీలో పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన సహజీవనం అలవడదు. క్యాంటీన్‌లో, బస్సులో, ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో, వార్షికోత్సవంలో అసలు పరీక్ష మొదలవుతుంది. ఉర్దూ మాట్లాడే పిల్లలు ఒక మూల, తెలుగు పిల్లలు మరో మూల, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారు ఇంకో మూల చేరడం ఏ కళాశాలలోనైనా కనిపించేదే. మన బిడ్డలు సొంత గుంపులోనే ముడుచుకుపోతే ఇస్లాం గురించి ఇతరులకున్న అపోహలు అలాగే ఉండిపోతాయి. అందరి మెప్పు కోసం తమ ఉనికినే దాచుకుంటే నష్టపోయేది వారే.

హద్దు ఎక్కడో ఇంట్లోనే స్పష్టంగా చెప్పాలి. స్నేహితురాలి పండుగనాడు ఆమె ఇంటివారి క్షేమం కోరడం వేరు, ఆరాధనలో పాల్గొనడం వేరు. మర్యమ్ (అలైహిస్సలాం) పేరు వింటే మన హృదయం గౌరవంతో నిండుతుంది; ఆమె పేరిట ఒక సూరాయే ఉంది. అయితే విగ్రహం ముందు ప్రార్థించడం మన విశ్వాసానికి సమ్మతం కాదు. ఈ రెండు మాటలనూ ప్రశాంతంగా చెప్పగలిగిన విద్యార్థిని ఎవరి మనసూ నొప్పించదు, తన విశ్వాసాన్నీ వదులుకోదు.

ఈ విషయంలో మనకు హజ్రత్ జాఫర్ (రజి) ఆదర్శం. మక్కాలో హింస భరించలేక తొలి విశ్వాసులు క్రైస్తవ రాజు నజాషీ ఏలే అబిసీనియాకు వలస వెళ్లారు. ఆ రాజసభలో జాఫర్ సూరా మర్యమ్ వినిపించారు. ఈసా (అలైహిస్సలాం) గురించి నిలదీసినప్పుడు ఆశ్రయం పోతుందేమోనని తమ విశ్వాసాన్ని దాచలేదు, మర్యాదా తప్పలేదు. నజాషీ వారిని పంపివేయలేదు. సత్యం, సంస్కారం ఒకే నాలుకపై నిలిచిన సందర్భమది.

చేరేముందే అడగండి

అన్ని చిక్కులూ సౌమ్యతతోనే తీరిపోతాయని మేము చెప్పడం లేదు. 2018లో తిరువనంతపురంలోని ఒక క్రైస్తవ పాఠశాలలో తలవస్త్రం, పూర్తి చేతుల చొక్కా ధరించేందుకు అనుమతి కోరుతూ ఇద్దరు ముస్లిం బాలికల తరఫున కేరళ హైకోర్టులో కేసు నడిచింది. వ్యక్తి హక్కుకన్నా సంస్థను నిర్వహించుకొనే హక్కుకే కోర్టు పెద్దపీట వేసింది. కర్ణాటక హిజాబ్ వ్యవహారంలో 2022 అక్టోబరు 13న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ భిన్నమైన తీర్పులిచ్చారు. చేరిన తర్వాత వివాదపడటంకన్నా, ఫీజు కట్టకముందే తెలుసుకోవడం వివేకం.

దరఖాస్తుతో పాటు నియమావళిని తెచ్చుకొని ఇంటిల్లిపాదీ చదవండి. యూనిఫామ్‌తో తలవస్త్రానికి అనుమతి ఉందా? జుహర్ నమాజుకు విరామం, వుజూ చేసుకునేందుకు చోటు దొరుకుతాయా? శుక్రవారం జుమాకు అబ్బాయిలు వెళ్లిరావచ్చా? హాస్టల్‌లో హలాల్ భోజనం, రంజాన్‌లో సహరీ ఏర్పాటు ఉంటాయా? ఈ ప్రశ్నలను ప్రిన్సిపాల్‌ను మర్యాదగా అడగండి. వీలైతే జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. అక్కడే చదువుతున్న ముస్లిం విద్యార్థినులను కలిసి, వారి అనుభవం తెలుసుకోండి.

తక్కెడ రెండో పళ్లెం

చివరిగా ఒక ప్రశ్న మనకు మనమే వేసుకోవాలి. మన సముదాయం హైదరాబాదులో కళాశాలలు నడుపుతున్నది. 1980లో ఆరంభమైన ముఫఖ్ఖమ్ జా ఇంజనీరింగ్ కళాశాల అందుకొక ఉదాహరణ. మన సంస్థల్లో చేరే హిందూ, క్రైస్తవ విద్యార్థులు కూడా ఇలాంటి సంకోచాలతోనే గేటు దాటుతారు. పరాయి ప్రాంగణంలో మన బిడ్డకు ఏ గౌరవం కోరుతున్నామో, మన ప్రాంగణంలో పరాయి బిడ్డకు ఆ గౌరవం దక్కుతున్నదా? వారు ఒంటరిగా భోజనం చేస్తున్నారా, నలుగురితో కలిసి చేస్తున్నారా?

న్యాయం అడిగేవారి చేతిలోని తక్కెడ ముందు సరిగా ఉండాలి. మన బిడ్డలు ఏ కళాశాలకు వెళ్లినా జ్ఞానంతో, ఈమాన్‌తో, మంచి పేరుతో తిరిగి రావాలని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.