బండి తోలేవారి భాష

ముప్ఫై ఏళ్ళ క్రితం, బడిపంతులు ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి కళ్యాణదుర్గం వైపు వెళ్ళినప్పుడు, నన్ను మొదట కంగారుపెట్టింది ఎండ కాదు, ఒక మాట.

"అయివారూ, బండి వచ్చేదాకా ఈ నీడన కూచోండి" అన్నాడు టీకొట్టు ఆసామి. ఎడ్లబండి వస్తుందని అరగంటసేపు మెడ నిక్కించి చూశాను. లారీ ఒకటి వచ్చి ఆగింది. "ఇదే బండి, ఎక్కండి" అన్నాడు!

ఆ సీమలో బండి కానిదేదీ లేదు. ఎద్దులు లాగేదీ బండే, లారీ బండే, ఆఫీసరుగారి జీపూ బండే. చిన్న మోపెడ్డు ఒక్కటే "టీవీయస్సు". అది ఏ కంపెనీదైనా సరే! అద్దె అక్కడ "బాడిగ". ఇక కారును మనం పుస్తకాల్లో "నడుపుతాము", వారు "తోలుతారు". ఎద్దుల్ని తోలినట్టే లారీనీ తోలుతారు. తోలటం తక్కిన తెలుగు జిల్లాల్లో లేకపోలేదు గాని, అనంతపురంలో దాని బరువు వేరు.

ఇది పల్లెటూరి మోటుతనమని నవ్వుకునేవారికి ఒక సంగతి మనవి చేస్తాను. స్పానిష్ భాషలో స్పెయిన్ దేశస్థులు కారును "కోచే" అంటారు. అర్జెంటీనావారు "ఆటో" అంటారు. మెక్సికోలో "కార్రో" అన్న మాట ఉన్నది. ఆ "కార్రో" స్పెయిన్‌లో పశువులు లాగే బండి! అమెరికా ఖండపు స్పానిష్‌వారు కారు తోలటాన్ని "మనేహార్" అంటారు. ఒకప్పుడది గుర్రాలను అదుపు చేయటానికి వాడిన మాట. గుర్రం పోయినా మాట మిగిలింది. మన లారీవాళ్ళ "స్టెప్నీ" కూడా అంతే. 1904లో వేల్స్ దేశపు లనెల్లీ పట్టణంలో స్టెప్నీ వీధివారు మొదలుపెట్టిన అదనపు చక్రం అది. అక్కడివారు మరచినా, మన కిలీనరు మరువలేదు.

మొన్న వేసవిలో మళ్ళీ ఆ ఊరు వెళ్ళాను. బెంగుళూరు నుంచి నన్ను తీసుకువెళ్ళింది మా పాత ఇంటివారి అబ్బాయి; అక్కడ టాక్సీ తోలుతున్నాడు. నా దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే. దారిలో పెనుకొండ దగ్గర, ఎర్రమంచిలోని కియా కర్మాగారం చూపించాడు. 2019 నుంచి అక్కడ కార్లు తయారవుతున్నాయి. "ఎన్ని బండ్లో చూడండి అయివారూ!" అన్నాడు. కొత్త కార్లు వరుసగా మెరుస్తున్నాయి. అవీ బండ్లే!

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురవటమే గొప్ప అయిన మెట్ట అది. శెనక్కాయ పంట వానను నమ్ముకున్నది. ఇంటి పెద్దాయన అరుగుమీద కూర్చుని ఉన్నాడు. నేను ఎరిగిన కాడి ఎద్దులు కొట్టంలో లేవు.

"ఎద్దులేవన్నా?"

"తోలేస్తిమి అయివారూ. వానలు రాకపాయె. గడ్డి యాడ తెచ్చేది?"

తోలెయ్యటమంటే సంతకు తోలి అమ్మెయ్యటం. తరువాత నేనేమీ అడగలేకపోయాను. ఇంతలో వీధిలో ట్యాంకరు చప్పుడైంది. కోడలు బిందెలు పట్టుకుని పరుగెత్తింది.

"నీళ్ళు తోలుతాండారు" అన్నాడాయన.

ఎద్దులను తోలేశారు, నీళ్ళు తోలించుకుంటున్నారు, పిల్లవాడు పరాయి ఊళ్ళో బండి తోలుతున్నాడు. ఇంటి కథంతా ఒక్క మాటలోనే ఇమిడిపోయింది.

సాయంత్రం మేము బయలుదేరాము. పెద్దాయన కారు పక్కకు వచ్చి, ఎద్దు మూపు నిమిరినట్టు దాని తలుపుమీద చెయ్యి వేశాడు.

"నిదానంగా తోలు నాయనా" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళ క్రితం, కాడి కట్టి పొలానికి పోయే పాలేరుతోనూ ఆయన ఇదే మాట అనేవాడు.