వీల్ నట్లకి యాంటీ సీజ్ రాయొచ్చా?

పోయిన ఎపిసోడ్‌లో స్టెప్నీ మార్చడం చూపించా కదా, దానికి మీలో చాలామంది అడిగింది ఒకటే. "అన్నా, నట్లు తుప్పు పట్టి ఊడట్లేదు, స్టడ్లకి యాంటీ సీజ్ రాయొచ్చా?"

నేను రాశా. ఏమైందో ముందు అదే చెప్తా. మాది కాకినాడ వైపు, ఉప్పుగాలి. ఓ వానాకాలం టైరు పంచరైతే పానా మీద ఎక్కి నిలబడినా నట్టు కదల్లేదు. ఇంటికొచ్చాక రాగిరంగు పేస్టు తెప్పించి స్టడ్లన్నిటికీ పూసేశా. టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న నంబరుకే బిగించా. నాలుగైదుసార్లు ఊడదీసి బిగించాక ఓ రోజు స్టడ్ టప్‌మని తెగింది. ఇంటి ముందు కాబట్టి బతికిపోయా. అదే హైవే మీద 100 స్పీడులో అయ్యుంటే?

నంబరు కరెక్టే కదా, మరెందుకు తెగింది? నట్టు బిగించడమంటే స్టడ్‌ని కొంచెం సాగదీయడమే. అది రబ్బరు బ్యాండులా వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్‌కి అదిమి పట్టుకుంటుంది. మనం పెట్టే బలంలో దాదాపు 90 శాతం రాపిడికే పోతుంది, స్టడ్‌ని సాగదీసేది సుమారు 10 శాతమే. మాన్యువల్ నంబరు మామూలుగా పొడి థ్రెడ్‌కి ఇస్తారు. పేస్టు రాస్తే రాపిడి తగ్గి, ఆ మిగిలిన బలం కూడా స్టడ్‌నే లాగుతుంది.

లెక్క వేద్దాం. 12 ఎంఎం స్టడ్, 100 న్యూటన్ మీటర్ల టార్క్. పొడిగా ఉంటే నట్ ఫ్యాక్టర్ సుమారు 0.2, అంటే స్టడ్ మీద లాగుడు 4.2 టన్నులు. పేస్టు రాస్తే ఫ్యాక్టర్ 0.15 దాకా పడిపోతుంది, లాగుడు 5.7 టన్నులు అవుతుంది. మూడో వంతు ఎక్కువ! రెంచ్ మాత్రం అదే "క్లిక్" అంటుంది, దానికేం తెలుసు పాపం.

"సరే, టార్క్ తగ్గించి బిగిస్తా" అంటారా? ఎంత తగ్గించాలో పేస్టుని బట్టి, పూసిన తీరుని బట్టి మారిపోతుంది. పైగా రేపు పంచరు షాపు అన్నకి మీరు పేస్టు రాశారని తెలీదు, గన్ను పెట్టి దంచేస్తాడు. మీ మాన్యువల్‌లో నూనె రాయమని స్పష్టంగా ఉంటే తప్ప స్టడ్లకి, నట్టు కూర్చునే సీటుకి ఏమీ రాయొద్దు.

తుప్పుకి వైర్ బ్రష్ చాలు. శుభ్రం చేశాక కూడా నట్టు చేత్తో తేలిగ్గా తిరక్కపోతే స్టడ్, నట్టు రెండూ మార్చేయండి. అల్లాయ్ వీలే హబ్‌కి అతుక్కుపోతుంటే హబ్ మధ్యలో ఉండే రింగుకి మాత్రం పల్చగా రాయొచ్చు. బ్రేక్ డిస్కుకి అంటకూడదు. నట్లు స్టార్ ఆకారంలో బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చెక్ చేయండి.

ఇప్పటికే రాసేశారా? బ్రేక్ క్లీనర్, గుడ్డతో తుడిచేసి పొడిగా బిగించండి. ఒక్క స్టడ్ సాగినట్టు అనిపించినా ఆ చక్రానివన్నీ మార్చండి. నేనైతే అయిదూ మార్పించా.