పొలంలో విద్యుత్ టవర్ : భూమి ఎవరిది, హక్కు ఎవరిది?

కర్నూలు, కడప జిల్లాల పొలాలలో కంపెనీలు అడుగుపెట్టడం క్రొత్త కాదు. 1860వ దశకంలో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కడప వరకు కాలువ త్రవ్వించింది. నష్టాల పాలైన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొన్నది. ఇప్పుడు వచ్చేది కరెంటు. పాత కర్నూలు జిల్లాలోని ఓర్వకల్లు, గడివేముల మండలాలలోను, కడప జిల్లా మైలవరం మండలంలోను సోలార్ పార్కులు వెలిశాయి. అక్కడి విద్యుత్తును దూరప్రాంతాలకు చేర్చే తీగలు పొలాల మీదుగా పోవలసినదే. కాలువ ప్రక్కనున్న రైతుకు నీరైనా దక్కుతుంది. ఈ తీగ క్రిందనున్న రైతుకు అందులోని కరెంటు దక్కదు.

షరీఅత్ దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు. ఇమామ్ మాలిక్ గారి 'మువత్తా'లో ఒక వివాదం గలదు. జహ్హాక్ బిన్ ఖలీఫా తన పొలానికి కాలువ తీసికొనిపోవుటకు ముహమ్మద్ బిన్ మస్లమా భూమిగుండా దారి కోరగా ఆయన నిరాకరించారు. ఆ నీటితో భూయజమానికి మేలే గాని నష్టం లేదని హజ్రత్ ఉమర్ (రజి) తేల్చి, కాలువ పోవలసినదేనని తీర్పు చెప్పారు. ప్రజాప్రయోజనం ముందు యజమాని మాట చెల్లదనుటకు దీనిని ఉదాహరించడం తొందరపాటు. నష్టం లేకపోవడమే ఆ తీర్పుకు ఆధారం. అయినా యజమాని సమ్మతి లేనిదే తగదన్న ఫుఖహాలూ ఉన్నారు. ఇక నష్టమున్నచోట? గత్యంతరం లేని అవసరం కూడ పరుల హక్కును రద్దు చేయదన్నది 'మజల్లా'లో చేరిన సూత్రం. ఆకలితో ప్రాణం పోతున్నవాడు పరుల రొట్టె తినవచ్చు, కాని వెల బాకీ ఉంటాడు. 1988లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడ, ప్రజావసరానికి భూమి తీసికొంటే మార్కెటు ధరకు తగ్గని వెలను వెంటనే చెల్లించాలని తీర్మానించింది.

మన దేశచట్టం ఏమంటున్నది? 2003 విద్యుత్ చట్టం 164వ సెక్షన్ క్రింద ప్రభుత్వ ఉత్తర్వు పొందిన సంస్థకు 1885 టెలిగ్రాఫ్ చట్టపు అధికారాలు లభిస్తాయి. (2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చినా విద్యుత్ లైన్లకు పాత చట్టపు మూడవ భాగమే వర్తిస్తుంది.) అట్టి సంస్థ రైతు సమ్మతి లేకనే టవర్ నిలుపవచ్చు. ఉత్తర్వు లేని సంస్థకు, 2006 నిబంధనల ప్రకారం, యజమాని సమ్మతి కావలెను. ఆయన అభ్యంతరపెడితే కలెక్టరు వంటి అధికారి అనుమతి కావలెను. కనుక రైతు మొదట అడుగవలసినది ఆ ఉత్తర్వు ప్రతిని.

సంస్థకు సంక్రమించేది వినియోగ హక్కు మాత్రమే, భూమి రైతుదే. వీలైనంత తక్కువ నష్టం చేసి, ఆ భూమితో సంబంధమున్న వారందరికీ పూర్తి పరిహారం చెల్లించవలెనని టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షన్ చెప్పుచున్నది. 'అందరికీ' అన్న మాటను కౌలుదార్లు గుర్తుంచుకోవాలి. పట్టా ఒకరిది, వేరుసెనగ పంట మరొకరిది అయినపుడు పంట వెలను పట్టాదారు ఉంచుకొంటే అది పరుల సొమ్ము తినడమే. అలాగే లైను క్రింద కొట్టిన చీనీ చెట్టు చోట మళ్ళీ చెట్టు పెంచనివ్వరు. అది ఒక్క ఏటి నష్టం కాదు.

పరిహారం చాలదనిపిస్తే 16వ సెక్షన్ క్రింద జిల్లా జడ్జిని ఆశ్రయించవచ్చు. భూమి ఎక్కడున్నది, తీగ ఎటు పోయినది, వాడకం ఎంత తగ్గినది అన్నవి చూచి నిర్ణయించాలని కేరళ విద్యుత్ బోర్డు కేసులో 2007లో సుప్రీంకోర్టు చెప్పింది. టవర్ అడుగు స్థలానికి భూమి విలువలో 85 శాతం, తీగల దారికి 15 శాతం వరకు అని కేంద్రం 2015లో మార్గదర్శకాలిచ్చి, 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలకు పెంచింది. వీటిని అమలుపరచవలసినది రాష్ట్రాలే.

వక్ఫ్ భూమి అయితే పరిహారం ముతవల్లీది కాదు. వాఖిఫ్ ఉద్దేశించిన పనికే చెందుతుంది. చెక్కును వక్ఫ్ పేరనే వ్రాయించుకోవలెను.