ఆశ్రయం నుండి తెచ్చిన కుక్కపిల్ల ఎందుకు దక్కదు?

కుక్కను విడిచి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ చెప్పుకునే దేశం మనది. అదే దేశంలో 'కుక్కచావు' అన్నది ఒక తిట్టు. ఈ రెండింటికీ మధ్య ఎక్కడో మన వీధికుక్క బతుకుతున్నది. దాని మీద జాలిపడి, జంతువుల ఆశ్రయం నుండి జబ్బు కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నవారు కొందరు వారం తిరగకముందే దాన్ని పూడ్చిపెట్టి ఏడుస్తారు. "పాలు పోశాం, మందు వేశాం, అయినా ఎందుకు పోయింది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు శాస్త్రంలో జవాబు ఉన్నది. జవాబు తెలిసినంత మాత్రాన దుఃఖం పోదు గానీ, తరువాతి పిల్ల దక్కే వీలుంటుంది. అందుకే ఈ వ్యాసం.

నేను ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దులోని రైతు కుటుంబంవాణ్ణి. మా వైపు కుక్కను ఎవరూ షోకుకు పెంచరు. మిర్చి కల్లం దగ్గర, మొక్కజొన్న చేలో అడవిపందుల కాపలాకు అదే తోడు. కిందటేడు నేనూ, నా హాస్టల్ మిత్రుడూ కలిసి పట్నంలోని ఒక ఆశ్రయం నుండి రెండు కుక్కపిల్లలను మా ఊరికి తెచ్చాం. రెండూ నీరసంగానే ఉన్నాయి. "తీసుకుపోతే బతుకుతాయేమో బాబూ, ఇక్కడైతే కష్టం" అన్నాడు అక్కడి పనివాడు.

మూడోనాడు నల్లపిల్లకు వాంతులు మొదలయ్యాయి. నాలుగోనాడు నెత్తురు విరేచనాలు. మండల పశువైద్యశాల డాక్టరుగారు చూసి "పార్వో" అన్నారు. రెండు పూటలా సెలైన్ ఎక్కించారు, వాంతి ఆగడానికి సూది వేశారు. మా అమ్మ గోనెసంచి మీద పాతచీర పరిచి రాత్రంతా దాని పక్కనే కూర్చున్నది. ఆరోనాడు తెల్లవారుజామున అది పోయింది. రెండోది, గోధుమరంగుది, పదిరోజులు అటూ ఇటూ ఊగి చివరికి బతికింది. ఒకే తల్లి పిల్లలు, ఒకే బుట్టలో వచ్చాయి, ఒకే మందు వాడాం. మరి ఒకటి పోయి ఒకటి ఎందుకు దక్కింది?

పార్వో చేసే పని

లాటిన్ భాషలో పార్వో అంటే చిన్నది అని అర్థం. ఈ వైరస్ నిజంగానే అతి చిన్నది. 1978 ప్రాంతంలో కుక్కలలో కొత్తగా కనిపించి, రెండేళ్లలోనే ప్రపంచమంతా పాకింది. అంతకు ముందు ఏ కుక్కకూ దాని పరిచయం లేదు గనుక వేల సంఖ్యలో కుక్కలు చనిపోయాయి. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన లీలాండ్ కార్మైకేల్, మాక్స్ ఆపెల్ అనే శాస్త్రజ్ఞులు త్వరలోనే దీనికి టీకా తయారు చేశారు.

శరీరంలో వేగంగా విభజన చెందే కణాలంటే ఈ వైరస్‌కు ఇష్టం. చిన్నపిల్లలో అలాంటి కణాలు ముఖ్యంగా రెండుచోట్ల ఉంటాయి: పేగు లోపలి పొరలో, ఎముక మూలుగలో. పేగుపొర అరిగిపోయిన కణాలను ఎప్పటికప్పుడు కొత్త కణాలతో నింపుకుంటుంది. వైరస్ ఆ కొత్త కణాలనే చంపేస్తుంది. అప్పుడు తాగిన నీరు ఒంటికి పట్టదు, ఒంట్లో ఉన్న నీరు బయటికి పోతుంది, పేగులోని బాక్టీరియా నెత్తురులోకి దూరుతుంది. వాటితో పోరాడవలసిన తెల్లకణాలు మూలుగలో తయారు కావాలి. అక్కడా దెబ్బ పడింది. కోటగోడ కూలిన రోజునే సైన్యమూ లేకపోయినట్టు!

పార్వో వైరస్‌ను నేరుగా చంపే మందుగా అందరూ వాడేది ఇప్పటికీ లేదు. సెలైన్ అయినా, సూదులు అయినా, పిల్ల తన రక్షణను తాను తయారు చేసుకునేదాకా ప్రాణం నిలబెట్టడానికే. త్వరగా, గట్టిగా చికిత్స చేస్తే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. చికిత్స లేకపోతే చాలావరకు పోతాయి.

ముర్రుపాల లెక్క

దూడ పుట్టగానే ముర్రుపాలు తాగించాలని మన ఇళ్లలో అందరికీ తెలుసు. కుక్కపిల్లకూ అంతే. తల్లికి ఉన్న రక్షక పదార్థాలు, అంటే యాంటీబాడీలు, మొదటి రోజు పాలలోనే పిల్లకు చేరుతాయి. అవి వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతాయి. ఇక్కడే తిరకాసు ఉన్నది. ఆ యాంటీబాడీలు ఎక్కువగా ఉన్నంతకాలం టీకా వేసినా అవి టీకాను కూడా అణచివేస్తాయి. టీకాను అణచగలిగి, అసలు రోగాన్ని ఆపలేని ఒక మధ్యకాలం వస్తుంది. అది ఒక పిల్లకు ఆరువారాలకు రావచ్చు, మరో పిల్లకు పన్నెండు వారాలకు రావచ్చు. అందుకే డాక్టర్లు ఒక్క సూదితో ఊరుకోరు. ఆరు, ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకసారి, పదహారు వారాలు దాటేదాకా వేస్తారు.

మా నల్లపిల్ల, గోధుమపిల్లల తేడా కూడా చాలావరకు ఇక్కడే ఉండవచ్చునని డాక్టరుగారు చెప్పారు. ఒకే కాన్పులో కూడా బలమైన పిల్ల ముందు తోసుకుని ఎక్కువ పాలు తాగుతుంది. వెనక మిగిలినదానికి తల్లి ఇచ్చిన రక్షణ తక్కువ. పుట్టిన మొదటి రోజున ఎవరూ చూడని తోపులాటలో తేలిన లెక్క రెండు నెలల తర్వాత మా ఇంటి వాకిట్లో బయటపడిందన్న మాట.

ఆశ్రయంలోనే ఎందుకు ఎక్కువ?

ఆశ్రయాలు నడిపేవారిని నిందించడం నా ఉద్దేశం కాదు. 1959లో మద్రాసులో కెప్టెన్ సుందరం స్థాపించిన బ్లూ క్రాస్, 1992లో అక్కినేని అమల హైదరాబాదులో ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలు లేకపోతే ఎన్నో మూగప్రాణులు రోడ్డు మీదే పోయేవి. కానీ ఆశ్రయం అనే ఏర్పాటులోనే ఒక చిక్కు ఉన్నది. ఎక్కడెక్కడి పిల్లలో ఒకచోటికి చేరుతాయి. రోగం సోకిన మూడు నుండి ఏడు రోజుల దాకా లక్షణాలే కనిపించవు. ఈలోగా రోగం మలంలో బయటికి వస్తూనే ఉంటుంది. నేలలో ఆ వైరస్ నెలలు, ఒక్కోసారి ఏడాది కూడా బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ ద్రావణం కావాలి. తల్లిని వీడిన బెంగ, గుంపు, అరుపులు పిల్ల శక్తిని ఇంకా తగ్గిస్తాయి. ఆరోగ్యంగా కనిపించిందని మనం ఎత్తుకున్న పిల్ల అప్పటికే రోగంలో ఉండవచ్చు.

మా నాయన సంతలో బర్రెను కొంటే తిన్నగా దొడ్లో కట్టడు. పదిహేను రోజులు వేరే పాకలో కట్టి, వేరే తొట్లో నీళ్లు పెడతాడు. తొలకరికి ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయిస్తాడు. ఇంగ్లీషు పుస్తకాలలో క్వారంటైన్ అని నేను చదువుకున్నది ఇదే. బర్రెకు చేసే ఈ పని కుక్కపిల్లకు కూడా చేయాలని చాలామందికి తోచదు.

అడవి అంచున మరో ప్రమాదం

కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే ఇంకో రోగం ఉన్నది. ఇది పశువుల ముసర వ్యాధికి, మేకలు, గొర్రెల పారుడు వ్యాధికి, మన పిల్లలకు వచ్చే తట్టుకు దాయాది వైరస్. ముసర వ్యాధి టీకాల పుణ్యమా అని 2011లో ప్రపంచం నుండే పోయింది. డిస్టెంపర్ మాత్రం ఉన్నది. ముందు కళ్లలో పుసి, ముక్కు కారడం, దగ్గు. తరువాత వణుకు, మూర్ఛలు. ఇది కుక్కతో ఆగదు. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఇంచుమించు మూడోవంతు సింహాలు దీనివల్ల పోయాయి. 2018లో మన గిర్ అడవిలో కొద్దివారాలలో 20కి పైగా సింహాలు మరణించినప్పుడు, కొన్నింటిలో ఈ వైరస్ బయటపడింది.

మాకు సింహాలు లేవు. కానీ కిన్నెరసాని అడవిలో చిరుతలున్నాయి, నక్కలున్నాయి. మా ఊరి కుక్కలు పగలు వాకిట్లో, రాత్రి అడవి అంచున తిరుగుతాయి. పట్నం నుండి బస్సులో వచ్చిన ఒక జబ్బుపిల్లతో గూడేల కుక్కలకు, వాటి నుండి అడవికి రోగం దారి చేసుకోగలదు. పార్వో, డిస్టెంపర్ మనుషులకు రావు. అయితే డిస్టెంపర్ ముదిరిన కుక్క పిచ్చికుక్కలాగే కనిపించవచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. అందుచేత జబ్బు కుక్క కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి వెంటనే ఆస్పత్రికి పోవాలి.

మన కళాశాలకు సంబంధించిన మాట

2025 నవంబరు 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థలు, ఆస్పత్రులు, బస్‌స్టాండ్లు, రైల్వే స్టేషన్లలోని వీధికుక్కలకు టీకా, సంతాన నిరోధక ఆపరేషను చేయించి ఆశ్రయాలకు తరలించాలనీ, తిరిగి అక్కడే వదలరాదనీ ఆదేశించింది. కుక్కకాటు బాధ చిన్నది కాదు. 2023లో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడు కుక్కల బారినపడి చనిపోయిన సంగతి ఎవరు మరచిపోగలరు? కానీ ఆశ్రయాలకు చేరే కుక్కలు పెరిగేకొద్దీ, పైన చెప్పిన రోగాల లెక్క కూడా పెరుగుతుంది. వేరుగదులు, టీకాలు, డాక్టరు లేని ఆశ్రయం రోగాలకే ఆశ్రయం అవుతుంది.

మిత్రులారా! జాలి మంచిదే, దానికి కాస్త లెక్క కూడా తోడు కావాలి. ఆశ్రయం నుండి పిల్లను తెచ్చేవారు ముందుగా డాక్టరుకు చూపించాలి. కనీసం రెండు వారాలు వేరుగా ఉంచాలి. దాన్ని ముట్టుకున్న చేతులు, చెప్పులు కడుక్కోవాలి. పార్వోతో పోయిన పిల్ల తిరిగిన చోటికి టీకాలు పూర్తికాని పిల్లను తేకూడదు. ఆశ్రయానికి బియ్యం ఇచ్చేవారు టీకాలకు కూడా డబ్బు ఇవ్వాలి. మన హాస్టళ్ల చుట్టూ, మన ఊళ్లలో ఉన్న కుక్కలకు టీకాలు వేయించడానికి జంతుశాస్త్ర విద్యార్థులు, జాతీయ సేవా పథకం విద్యార్థులు పశువైద్యశాలతో కలిసి ఏడాదికి ఒక్కరోజు పనిచేస్తే చాలు, ఎంతో మేలు.

ఇంత చేసినా కొన్ని పోతాయి. రాత్రంతా కూర్చున్న మా అమ్మ శ్రమ వ్యర్థమని నేను అనుకోను. దిక్కులేని ప్రాణం చివరి రాత్రి పొడిగుడ్డ మీద, ఒక మనిషి చేతి కింద గడిపింది. అదీ ఒక సేవే. అయితే ఆ రాత్రి రాకుండా ఆపగల టీకా పశువైద్యుడి దగ్గర ఉండగా, ఏడుపుతోనే సరిపెట్టుకోవడం చదువుకున్నవాళ్లం మనకు తగదు.