సిరా లేని అచ్చు: చేతిలో ఇమిడే లేబుల్ ప్రింటర్ ఎలా పనిచేస్తుంది?

ఆవకాయ సీసాకు అంటించిన లేబుల్ నెల తిరిగేసరికి వెలిసిపోతే, సిరా సరిగా పడలేదని ప్రింటర్‌ను తిట్టుకుంటారు. నిజానికి అరచేతిలో ఇమిడే ఆ చిన్న ప్రింటర్లలో చాలావాటికి సిరా డబ్బా లేదు, టోనర్ లేదు, రిబ్బన్ లేదు. రంగంతా కాగితానికి పూసిన పూతలోనే ఉంటుంది. కావలసిన చోట ఆ పూతకు వేడి తగిలించడమే ప్రింటర్ చేసే పని. ఇంటి దగ్గర పచ్చళ్లు, పొడులు చేసి అమ్మేవాళ్ల నుంచి కిరాణా కొట్ల దాకా ఎంతోమంది ఇప్పుడు ఈ పరికరాన్ని వాడుతున్నారు. పెట్టె విప్పి, ఫోన్‌కు కలిపి, ఒక లేబుల్ బయటికి రాగానే అంతా బాగుందనుకుంటారు. ఆ ఒక్క లేబుల్ చెప్పేది చాలా తక్కువ. ఏమేం పరీక్షించాలో తెలియాలంటే ముందు ఆ పూత సంగతి తెలియాలి.

థర్మల్ కాగితం పూతలో ముఖ్యమైన పదార్థాలు మూడు. మొదటిది ల్యూకో రంగు. దాని అణువులో లాక్టోన్ అనే వలయం ఒకటి ఉంటుంది. అది మూసుకుని ఉన్నంతసేపూ పదార్థానికి రంగు ఉండదు. రెండోది డెవలపర్, అంటే ఒక బలహీనమైన ఆమ్లం. మూడోది తేలిగ్గా కరిగి ఆ రెండింటినీ కలిపే సెన్సిటైజర్. మామూలు వేడిమిలో ఈ మూడూ విడివిడి రేణువులుగా పక్కపక్కనే పడి ఉంటాయి. వేడి తగలగానే కరిగి కలుస్తాయి. ఆమ్లం ప్రభావంతో లాక్టోన్ వలయం తెరుచుకుంటుంది, అణువు కాంతిని పీల్చుకోవడం మొదలుపెడుతుంది, అక్కడ నల్లని చుక్క ఏర్పడుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రని పారాణి అవుతుంది చూడండి, ఇదీ ఆ కోవలోదే. అక్కడ రంగు మార్చేది క్షారం, ఇక్కడ ఆమ్లం. ఈ రంగుల్లో పాతకాపు క్రిస్టల్ వయొలెట్ లాక్టోన్, అది నీలం ఇస్తుంది. ఇప్పుడు మనం చూసే నలుపు ఫ్లోరాన్ జాతి రంగులది.

కాగితం థర్మల్‌దో కాదో, పూత ఏ వైపుందో తెలుసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు. గోటితో గట్టిగా, వేగంగా ఒక గీత గీయండి. రాపిడి వేడికే పూత ఉన్న వైపు నల్లటి చార పడుతుంది. రోల్ తిరగేసి పెట్టడం వల్ల ఖాళీ లేబుళ్లు వస్తుంటే ఈ ఒక్క గీతతో తేలిపోతుంది.

వెలిసిపోవడానికి కారణం కూడా ఆ పూతలోనే ఉంది. తెరుచుకున్న వలయం మళ్లీ మూసుకోగలదు. నూనె, స్పిరిట్, మెత్తని పీవీసీ ప్లాస్టిక్‌లో ఉండే ప్లాస్టిసైజర్లు పూతలోకి ఇంకితే రంగునూ ఆమ్లాన్నీ విడదీస్తాయి. నలుపు విరిగిపోతుంది. పచ్చడి సీసా అంచున నూనె జారడం మామూలే కాబట్టి ఈ కాగితానికి అంతకంటే గడ్డు చోటు ఇంకోటి ఉండదు. ఎండ వెలుతురు కూడా రంగును తినేస్తుంది. వేడి ఎక్కువైతే దీనికి తలకిందులుగా జరుగుతుంది. దాదాపు 60, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గరే పూత మెల్లగా మసకబారడం మొదలవుతుంది కాబట్టి మే నెల ఎండలో ఆపిన కారులో వదిలేసిన రోల్ అచ్చు వేయకముందే బూడిదరంగుకు తిరగవచ్చు.

ధర, నికర బరువు, తయారీ నెల, సంవత్సరం, తయారుచేసినవారి చిరునామా ప్యాకెట్ మీద ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాలు చెబుతున్నాయి. తినుబండారాలకు 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరూ కావాలి. ఇవి చదవడానికి వీలుగా ఉండాల్సింది అచ్చు వేసిన రోజున కాదు, సరుకు కొన్నవాళ్ల చేతిలో ఉన్నన్నాళ్లూ. అందుకే ప్రింటర్ ఎంపికకంటే కాగితం ఎంపిక ముఖ్యమని నా అభిప్రాయం. పైన రక్షణ పూత ఉన్న, టాప్ కోటెడ్ అని అమ్మే థర్మల్ లేబుళ్లు నూనెనూ తేమనూ కొంతకాలం తట్టుకుంటాయి. ఏడాది నిలవ ఉండే సరుకుకైతే మైనం లేదా రెజిన్ రిబ్బన్‌ను వేడితో కాగితానికి అంటించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటరే సరి. వారంలో అమ్ముడుపోయే మిఠాయిలకు మామూలు థర్మల్ చాలు.

డెవలపర్ గురించి ఒక మాట. ఈ పనికి చాలాకాలం బిస్‌ఫినాల్-ఎ వాడారు. హార్మోన్ల పనికి అది అడ్డు తగులుతుందన్న ఆందోళనతో ఐరోపా సమాఖ్య 2020 జనవరి నుంచి థర్మల్ కాగితంలో దాని పాళ్లను బరువులో 0.02 శాతానికి కట్టడి చేసింది. దాని బదులు వచ్చిన బిస్‌ఫినాల్-ఎస్ మీదా అనుమానాలున్నాయి. ఫినాల్ రహితం అని రాసిన రోల్ దొరికితే, రోజంతా లేబుళ్లు పట్టుకునే చేతులకు అదే మేలు.

వేడితో అచ్చువేసే ఈ విద్య మొదటినుంచీ వెంట తీసుకెళ్లే పరికరాల కోసం పెరిగిందే. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ కనిపెట్టి 2000లో నోబెల్ అందుకున్న జాక్ కిల్బీ, థర్మల్ ప్రింటర్ రూపకర్తల్లో కూడా ఒకరు. ఆయన బృందం 1967లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో చేతిలో పట్టే క్యాలిక్యులేటర్ నమూనా తయారుచేసింది. దానికి తెర లేదు. లెక్క జవాబు థర్మల్ కాగితపు పట్టీ మీద అచ్చయి వచ్చేది.

ఇప్పుడు యంత్రంలోకి వెళ్దాం. మూత తీస్తే రబ్బరు రోలర్, దానికి ఎదురుగా సన్నని గాజు పూతతో మెరిసే పట్టీ కనబడతాయి. ఆ పట్టీయే ప్రింట్ హెడ్. దాని మీద ఒకే వరసలో సూక్ష్మమైన విద్యుత్ నిరోధకాలుంటాయి. ఎక్కువ ప్రింటర్లలో ఇవి మిల్లీమీటరుకు 8, అంటే అంగుళానికి 203. 58 మిల్లీమీటర్ల రోల్ పట్టే చిన్న ప్రింటర్‌లో అచ్చుపడే వెడల్పు 48 మిల్లీమీటర్లు, కాబట్టి వరసలో 384 చుక్కలు. ఒక్కో నిరోధకం మిల్లీసెకనుకు అటూఇటూగా వేడెక్కి చల్లారుతుంది, రోలర్ కాగితాన్ని ఒక చుక్కంత ముందుకు జరుపుతుంది, మళ్లీ అదే పని.

అచ్చు ఎంత నల్లగా వస్తుందనేది బ్యాటరీతో నేరుగా ముడిపడి ఉంది. నిరోధకంలో పుట్టే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. రెండు లిథియం సెల్‌ల బ్యాటరీ నిండుగా ఉంటే 8.4 వోల్టులు. వాడగా వాడగా అది 7 వోల్టులకు దిగిందనుకోండి. వోల్టేజీ తగ్గింది ఆరో వంతే అయినా వేడి దాదాపు 30 శాతం పడిపోతుంది. మంచి ప్రింటర్లు దీన్ని కనిపెట్టి చుక్కను ఇంకాస్త ఎక్కువసేపు వేడిచేస్తాయి, నాసివి చేయవు. అందుకే నిండు బ్యాటరీతో ఒక లేబుల్, బ్యాటరీ బాగా దిగాక అదే లేబుల్ తీసి పక్కపక్కన పెట్టి చూడాలి. కొన్న వారంలోనే చేయదగ్గ పరీక్ష ఇది. లోగోలోని నల్లని దిమ్మె దగ్గర ప్రింటర్ నెమ్మదిస్తే అది లోపం కాదు. ఒకేసారి అన్ని చుక్కలకూ కరెంటు ఇస్తే బ్యాటరీ తట్టుకోలేదు కాబట్టి వరసను ముక్కలుగా చేసి వేడిచేస్తుంది.

లేబుల్ రోల్‌కు మామూలు రోల్‌కు తేడా ఉంది. లేబుల్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ప్రింటర్‌కు తెలియాలి. కాగితం దారిలో ఒకవైపు పరారుణ కాంతి దీపం, ఎదురుగా గ్రాహకం ఉంటాయి. లేబుల్ ఉన్నచోట కాంతి తక్కువగా దాటుతుంది, రెండు లేబుళ్ల మధ్య వెనక కాగితం ఒక్కటే ఉన్నచోట ఎక్కువగా దాటుతుంది. కొత్త రోల్ పెట్టగానే కాలిబ్రేషన్ చేయమనేది ఇందుకే. ప్రింటర్ కొన్ని లేబుళ్లను ఖాళీగా జరిపి, ఎంత కాంతి వస్తే సందు అనుకోవాలో నేర్చుకుంటుంది. పారదర్శక లేబుళ్లకు ఈ తేడా చాలడం కష్టం. వాటికి వెనక నల్లగుర్తి ఉన్న రోల్, ఆ గుర్తిని చదివే సెన్సర్ కావాలి.

అచ్చు పక్కకో కిందికో జరుగుతుంటే, ఎలా జరుగుతోందో చూస్తే కారణం దొరుకుతుంది. ప్రతి లేబుల్‌కూ సమానంగా జరుగుతూ పోతే, యాప్‌లో కాగితం రకం సందు ఉన్నది కాక ఏకధాటి రోల్‌గా పెట్టి ఉంటుంది. 30 మిల్లీమీటర్ల లేబుళ్ల మధ్య 2 మిల్లీమీటర్ల సందును ప్రింటర్ లెక్కపెట్టకపోతే పదిహేనో లేబుల్ దగ్గరికి పూర్తి లేబుల్ పొడవంత తేడా వస్తుంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ జరిగితే సెన్సర్ మీద దుమ్మో, రోలర్ జారడమో, రోల్ పక్కన గైడ్లు వదులుగా ఉండటమో కారణం. అందుకే ఒక లేబుల్ కాకుండా ఇరవై వరుసగా తీసి, మొదటిదీ చివరిదీ ఒకదానిమీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టి చూడాలి.

బ్లూటూత్ కలపడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిన్ అడిగితే సాధారణంగా 0000 లేదా 1234. ఒక ఫోన్‌తో కలిసి ఉన్న ప్రింటర్ చాలాసార్లు రెండో ఫోన్‌కు కనబడదు. ఫోన్‌ను అనుమానించే ముందు ప్రింటర్‌ను ఒంటరిగా పరీక్షించండి. చాలా ప్రింటర్లలో ఫీడ్ బటన్ నొక్కి ఉంచి పవర్ ఆన్ చేస్తే స్వీయ పరీక్ష పట్టీ వస్తుంది. అది బాగుంటే హెడ్, బ్యాటరీ, రోలర్ బాగున్నట్టు. ఇక తప్పు ఫోన్ వైపే వెతకాలి.

తెలుగులో అచ్చు వేయాలంటే ఇంకో సంగతి ఉంది. ఈ ప్రింటర్ల లోపల ఉండే అక్షరాలు ఎక్కువగా ఇంగ్లీషు, చైనీస్‌లవి. గుణింతాలు, ఒత్తులు కూర్చే శక్తి వాటికి లేదు. అందువల్ల యాప్ మన మాటను ముందుగా బొమ్మగా మార్చి చుక్కల రూపంలో పంపుతుంది. 40×30 మిల్లీమీటర్ల లేబుల్ అంటే 320×240 చుక్కలు, మొత్తం 76,800 చుక్కలు, 9,600 బైట్లు. చిక్కు ఎక్కడొస్తుందంటే, ఫోన్ తెర మీద అక్షరాల అంచులు బూడిదరంగుతో నునుపుగా ఉంటాయి, ప్రింటర్‌కు నలుపు తెలుపు తప్ప మరోటి తెలియదు. యాప్ ఆ బూడిదను చెల్లాచెదురు చుక్కలుగా మారిస్తే ఫొటోకు బాగుంటుంది, అక్షరానికి అంచు చిరిగిపోతుంది. 2 మిల్లీమీటర్ల ఎత్తున్న అక్షరానికి 16 చుక్కలే దక్కుతాయి. అందులో థ కడుపులోని చుక్కకు, ధ కింది గీతకు మిగిలేది ఒకటో రెండో. ఒత్తు ఉన్న అక్షరమైతే ఇంకా ఇరుకు. కాస్త మందపాటి ఫాంటు తీసుకుని, బొమ్మ పద్ధతి కాక అక్షర పద్ధతి ఎంచుకుని, సీసా మీద అంటించాక కళ్లద్దాలు వాడే పెద్దవాళ్లెవరికైనా ఇచ్చి చదివించండి.

బార్‌కోడ్ దగ్గర లెక్క మరీ కచ్చితంగా ఉండాలి. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్టణంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌తో దుకాణంలో స్కానింగ్ మొదలైంది. నేడు మనం చూసే 13 అంకెల ఈఏఎన్ కోడ్ ఆ వంశానిదే. జీఎస్1 ఇండియా ఇచ్చే నంబర్లు 890తో మొదలవుతాయి. ఈ కోడ్‌లో అతి సన్నని గీత ప్రామాణిక వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. దాన్ని 80 శాతం దాకా మాత్రమే కుదించవచ్చు, అంటే 0.264. మన ప్రింటర్ చుక్క 0.125 మిల్లీమీటర్లు. రెండు చుక్కలు పెడితే 0.25, నియమానికి తక్కువ. మూడు పెడితే 0.375, నియమానికి లోబడినదే. కానీ ఇరువైపులా వదలాల్సిన ఖాళీతో కలిపి కోడ్ వెడల్పు 113 సన్నగీతలంత. 113ను 0.375తో గుణిస్తే 42.4 మిల్లీమీటర్లు. 40 మిల్లీమీటర్ల లేబుల్‌లో అది పట్టదు!

యాప్ అప్పుడు ఏం చేస్తుంది? చడీచప్పుడు లేకుండా బొమ్మను కుదిస్తుంది. చుక్కను సగం చేయలేదు కాబట్టి ఒక గీతకు రెండు చుక్కలు, పక్కదానికి మూడు వేస్తుంది. గీతల వెడల్పుల నిష్పత్తే ఆ కోడ్‌కు ప్రాణం, అది అక్కడే దెబ్బతింటుంది. కంటికి చక్కగా కనబడే కోడ్ స్కానర్‌కు చదవరాకపోవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. దారులు రెండున్నాయి: 50 మిల్లీమీటర్ల లేబుల్ తీసుకోవడం, లేదా మిల్లీమీటరుకు 12 చుక్కల ప్రింటర్ కొనడం. దాంట్లో నాలుగు చుక్కలు 0.333 మిల్లీమీటర్లు, మొత్తం కోడ్ 37.7 మిల్లీమీటర్లు, 40లో సుఖంగా పడుతుంది. దుకాణాలకు సరుకు వేసేవాళ్లు ఈ రెండో రకానికి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

నలుపు పాళ్లను కూడా బార్‌కోడ్‌తోనే సరిచూడాలి. డెన్సిటీ ఎక్కువ పెడితే బాగుంటుందనుకోవడం పొరపాటు. వేడి పక్కకు పాకి గీతలు లావెక్కుతాయి, మధ్య తెలుపు మూసుకుపోతుంది, హెడ్ కూడా త్వరగా అరిగిపోతుంది. తక్కువ నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ, స్కానర్ మొదటిసారికే చదివే మెట్టు దగ్గర ఆగాలి. ఫోన్ కెమెరాతో చదివి తృప్తిపడకూడదు. ఫోన్ వంకర కోడ్‌ను కూడా ఓర్పుగా సరిచేసుకుని చదువుతుంది, దుకాణంలోని పాత లేజర్ స్కానర్ అలా చేయదు.

ఇక కోడ్‌ను ఏ దిక్కుకు పెట్టాలి? గీతలు కాగితం కదిలే దిశలో సాగితే, ఒక్కో గీతను అవే నిరోధకాలు మొదటినుంచి చివరిదాకా గీస్తాయి కాబట్టి అంచులు పదునుగా వస్తాయి. కానీ ఒక్క నిరోధకం కాలిపోయినా ఆ గీత నిలువునా చీలిపోతుంది, కోడ్ మొత్తం పోతుంది. గీతలు కదలికకు అడ్డంగా ఉంటే, నిరోధకం చల్లారేలోపు కాగితం జరగడం వల్ల గీతల వెనక అంచు కొంచెం పూసినట్టవుతుంది, వేగం తగ్గించాలి. నిరోధకం పోతే మాత్రం అన్ని గీతల్లోనూ ఒకే చోట సన్నని తెల్లచార పడుతుంది, స్కానర్ ఆ పక్కనుంచి చదివేస్తుంది. కొత్త హెడ్ ఉన్నప్పుడు మొదటిది, స్వీయ పరీక్ష పట్టీలో తెల్లచార కనబడ్డాక రెండోది వాడటం తెలివైన పని. అయితే తెల్లచార కనబడగానే నిరోధకం కాలిపోయిందని నిర్ణయించకండి. ప్రింటర్ ఆపి, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో పట్టీ పొడవునా తుడిచి, ఆరనిచ్చి మళ్లీ స్వీయ పరీక్ష పట్టీ తీయండి. లేబుల్ జిగురు అంటుకోవడం వల్ల వచ్చిన చార అయితే పోతుంది. అప్పటికీ అదే చోట అదే చార ఉంటే హెడ్ మార్చాలి.