జర్మనీలో ఆర్నెల్లు... ఎంఎస్‌కి కాదు, ఎక్స్ఛేంజ్‌కి!

మా కొత్తపట్నంలో ‘ఫారిన్ చదువు’ అంటే ఒకటే అర్థం: ఎంఎస్. బ్యాంకు లోను, తాకట్టులో పొలం కాగితాలు, అప్పు తీరేదాకా వెనక్కి చూడలేని ప్రయాణం. నేను వెళ్లింది దానికి కాదు. ఇంజినీరింగ్ మధ్యలో ఒక్క సెమిస్టర్ జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదివి వచ్చే ఎక్స్ఛేంజ్‌కి. ‘‘ఆర్నెల్లకే వచ్చేసేదానికి అంత దూరం పోవడం దేనికి అబ్బాయా?’’ అని ఊళ్లో అడగనివాళ్లు లేరు. నా జవాబు ఇదీ.

ముందు డబ్బు సంగతి

ఎక్స్ఛేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం. ఫీజు మన కాలేజీలోనే కడతాం. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అసలు ఖర్చంతా బతకడానికే. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ స్టూడెంట్ వీసా కావాలంటే నెలకి 992 యూరోల చొప్పున బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. యూరోని 100 రూపాయలుగా వేసుకుంటే ఆర్నెల్లకి దాదాపు 6 లక్షలు. ఇది ఎవరికో కట్టే డబ్బు కాదు, మనదే. అక్కడికెళ్లాక నెలనెలా మన చేతికే వస్తుంది. కానీ ముందు పుట్టాలి కదా! సరిపడా స్కాలర్‌షిప్ ఉంటే ఆ లెటర్ చూపిస్తే చాలు. నేను వెళ్లగలిగింది అలాగే. డాడ్, ఎరాస్మస్ ప్లస్ లాంటివి ఇందుకోసమే ఉన్నాయి.

ఇంకొన్ని ఖర్చులు వెళ్లాకే తెలుస్తాయి. హెల్త్ ఇన్సూరెన్స్ నెలకి 100 యూరోలు దాటుతుంది. టీవీ లేకపోయినా ప్రతి ఇంటికీ నెలకి 18.36 యూరోల బ్రాడ్‌కాస్టింగ్ ఫీజు. ఫ్లాట్‌లో నలుగురుంటే నలుగురూ పంచుకుంటారు.

నెయ్యి వద్దు, నెత్తళ్లు ఓకే

అమ్మ సర్దిన బ్యాగులోంచి ముందు తీసేసింది నెయ్యి డబ్బా. పాల పదార్థాలు, మాంసం మన దేశం నుంచి యూరప్‌కి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకుకీ సర్టిఫికెట్ కావాలి. కానీ చేపలు మాత్రం 20 కిలోల వరకు తీసుకెళ్లొచ్చు! సముద్రం ఒడ్డున పుట్టినోడికి ఇంతకంటే ఏం కావాలి? ఎండు నెత్తళ్లు మూడు కవర్లలో చుట్టి తీసుకెళ్లా. కామన్ కిచెన్ కాబట్టి, ఫ్లాట్‌లో ఎవరూ లేనప్పుడు కిటికీలన్నీ తీసి వేయించేవాణ్ని.

ఆదివారం షాపులు మూసేస్తారు. శనివారమే బియ్యం, కూరగాయలు తెచ్చుకోవాలి. ఖాళీ ప్లాస్టిక్ బాటిల్ సూపర్ మార్కెట్‌లోని మెషీన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి వస్తాయి. నాలుగు బాటిళ్లంటే ఒక యూరో అన్నమాట. ఇక మధ్యాహ్నాలు క్యాంపస్ క్యాంటీన్‌లోనే. దాన్ని మెన్సా అంటారు.

క్లాసులో 1 వస్తే పండగే

అక్కడ బెస్ట్ గ్రేడ్ 1.0. 4.0 వస్తే పాస్, 5.0 అంటే ఫెయిల్. టైమ్‌టేబుల్‌లో 10 గంటల పక్కన ‘సీ.టీ.’ అని ఉంటే క్లాసు మొదలయ్యేది 10.15కి. పరీక్షలకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, లేదంటే హాల్లో మన పేరే ఉండదు.

వీటన్నిటికంటే ముఖ్యమైంది లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ చదివే ఏ సబ్జెక్టు ఇక్కడ దేనికి సమానమో, ఎన్ని క్రెడిట్లు ఇస్తారో వెళ్లకముందే మన డిపార్ట్‌మెంట్‌తో సంతకం పెట్టించుకోవాలి. అది లేకపోతే అక్కడ పాసైనా ఇక్కడ సెమిస్టర్ పోయినట్టే.

నాలుగింటికే చీకటి

ఎవరూ చెప్పని కష్టం ఇది. డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది. చలికాలంలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా. నేను క్లాసు నుంచి వచ్చేసరికి ఇంట్లో అందరూ భోజనాలు చేసి పడుకోబోతుంటారు. అమ్మతో పది నిమిషాలు మాట్లాడి ఫోన్ పెట్టేశాక రాత్రంతా మిగిలే ఉంటుంది. ట్రామ్‌లో ఎవరూ పలకరించరు. అది కోపం కాదు, వాళ్ల అలవాటంతే. అర్థం కావడానికి నెల పట్టింది. తర్వాత జర్మన్‌లో నాలుగు ముక్కలు నేర్చుకుని నేనే పలకరించడం మొదలుపెట్టా. అలా పరిచయమైన ఫ్లాట్‌మేటే సంక్రాంతి రోజు నాతో కలిసి పులిహోర తిన్నాడు.

మరి ఎందుకు వెళ్లినట్టు?

30 లక్షలో 40 లక్షలో అప్పు చేసి వెళ్లినవాడికి ‘ఇక్కడ నాకు నచ్చలేదు’ అనే హక్కు ఉండదు. ఈఎంఐ ఊరుకోదు. నాకు ఆ హక్కు దొరికింది. అక్కడి ల్యాబులు నచ్చాయి, చలికాలం నచ్చలేదు, ఒంటరిగా బతకగలనని తెలిసింది. రేపు మాస్టర్స్‌కి వెళ్లాలా వద్దా అన్నది కన్సల్టెన్సీ మాటో, పక్కింటోళ్ల గొప్పో కాకుండా నేనే తేల్చుకోగలను.

మీరు సెకండియర్‌లో ఉంటే రేపే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: ఏ యూనివర్సిటీలతో ఒప్పందం ఉంది? క్రెడిట్లు కలుపుతారా? అప్లికేషన్ ఆఖరు తేదీ ఎప్పుడు? చాలాసార్లు సీట్లు మిగిలిపోయేది మార్కుల్లేక కాదు, అడిగేవాళ్లు లేకనే.