మూడు పేర్ల యుద్ధనౌక

దక్షిణ అమెరికా పశ్చిమతీరమున చిలీ దేశము కలదు. దానికి ఒకవైపున ఆండీసు పర్వతములు, మఱియొకవైపున పసిఫిక్ మహాసముద్రము. తీరము పొడవు నాలుగువేల కిలోమీటర్లకు పైబడినది. ఇట్టి దేశమునకు నౌకాబలమే కోటగోడ.

1911లో చిలీ ప్రభుత్వము ఆఱు డిస్ట్రాయరులను నిర్మించి యిమ్మని ఇంగ్లండునందు కౌస్ పట్టణములోని వైట్ అను నౌకానిర్మాణ సంస్థను కోరెను. నీటిలో దూసుకొనిపోయి ఓడ యడుగును బ్రద్దలు చేయు ఆయుధము టార్పెడో. శత్రువుల టార్పెడో పడవలను తఱుముటకును, తానే టార్పెడోలను ప్రయోగించుటకును ఏర్పడిన వేగముగల యుద్ధనౌక డిస్ట్రాయరు. చిలీ ఓడలు మహాసముద్రపు టలలకు నిలువవలెను. బొగ్గుకై మాటిమాటికి రేవునకు మరలక దూరము పోవలెను. కావున అవి నాటి బ్రిటిషు డిస్ట్రాయరులలో పెక్కింటికంటె పెద్దవిగా రూపొందినవి. ఒక్కొక్కటి సుమారు 100 మీటర్ల పొడవు, నాలుగు పొగగొట్టములు, నాలుగంగుళముల ఫిరంగులు ఆఱు. గంటకు 31 నాటికల్ మైళ్లు, అనగా సుమారు 57 కిలోమీటర్లు పోగలవు.

రెండు ఓడలు చిలీకి చేరినవి. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము ఆరంభమయ్యెను. తక్కిన నాలుగింటిని బ్రిటను కొనివేసెను. ‘ఆల్మిరాంతె గోన్యీ’ అను పేరు పెట్టుకొన్న ఓడ ‘బ్రూక్’ అయ్యెను. ఆల్మిరాంతె యనగా నౌకాసేనాపతి.

1916 మే 31 రాత్రి జట్లండు యుద్ధములో ఒక జర్మను మహానౌక గుండ్లు బ్రూక్‌ను అతిసమీపమునుండి తాకెను. ఓడ అదుపు తప్పి, తన తోడి నౌకయగు ‘స్పారోహాక్’నే ఢీకొనెను. మఱునాడు ఆ నౌకను ముంచివేయవలసి వచ్చెను. బ్రూక్‌పై నలువదిమందికి పైగా మరణించిరి. ముందుభాగము నలిగిన యోడను మిగిలిన నావికులు ఎట్లో ఇంగ్లండు చేర్చిరి. చిలీ కోరిన మఱియొక ఓడ, ‘టిప్పరరీ’, ఆ రాత్రియే కాలి మునిగిపోయెను.

1917 ఏప్రిల్ 20వ తేది అర్ధరాత్రి దాటిన పిమ్మట బ్రూక్, స్విఫ్ట్ అను రెండు నౌకలు డోవర్ జలసంధిలో ఆఱు జర్మను నౌకల నెదుర్కొనినవి. స్కాటు దక్షిణధ్రువయాత్రలో ఉపనాయకుడుగా నుండిన ఎడ్వర్డ్ ఎవాన్సు బ్రూక్‌కు అధిపతి. అతడు తన యోడతో ఒక జర్మను నౌకను పొడిచెను. రెండును చిక్కుకొనగా నావికులు పైతట్టుపై ముఖాముఖి పోరాడిరి. జర్మనులు రెండు నౌకలను కోల్పోయిరి. బ్రూక్‌పై 21 మంది మరణించిరి.

1920లో మిగిలిన మూడు ఓడలును చిలీకి చేరినవి. కోరిన తొమ్మిదేండ్లకు, రెండు యుద్ధముల గాయములతో, బ్రూక్ తన దేశమునకు వచ్చెను. అచ్చట దానికి ‘ఆల్మిరాంతె ఉరీబె’ యని మూడవ పేరు పెట్టిరి. 1879లో ఇకీకె వద్ద పెరూ నౌక ‘ఉవాస్కర్’ చిలీ నౌక ‘ఎస్మెరాల్దా’ను పొడిచెను. నాయకుడు ఆర్తూరో ప్రాత్ శత్రునౌకపైకి దుమికి మరణింపగా, లూయిస్ ఉరీబె ఆధిపత్యము వహించి, లొంగక, ఓడ మునుగువఱకు పోరాడెను. శత్రునౌకను పొడిచి గెలిచిన యోడకు, పొడువబడి మునిగిన యోడను విడువని వీరుని పేరు దక్కెను.